తొమ్మిదో పని

చనిపోయిన పెద్దలను తలుచుకునే పెత్రమాస అమావాస్య రాత్రి ఎల్లారెడ్డి ఊళ్లో మా వాడకట్టంతా పడుకుంది. భీమేష్ అన్న, నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ లైబ్రరీని కంపైల్ చేసి, అంటే రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చి, తెల్లారేలోపు పంపకపోతే అన్న ఉద్యోగం పోతుంది. కానీ ప్రతిసారీ మెమరీ నిండిపోయి పని మధ్యలోనే ఆగిపోతోంది.

"ఒకేసారి ఎనిమిది పనులే నడవాలని పెట్టిన. తొమ్మిది నడుస్తున్నయేంది?" అన్నాడు అన్న. ఆ తొమ్మిదోదే మెమరీనంతా తింటోంది.

మంచం మీద మేలుకునే ఉన్న మా నాయనమ్మ ఎంకవ్వ నవ్వింది. "పెత్రమాస నాడు పని షురూ చేస్తవురా? పిలవనోళ్లు గూడ వచ్చి చెయ్యి కలుపుతరు."

"నువ్వు పండుకో అవ్వా," అంటూ అన్న ఎనిమిదింటినీ ఆపేశాడు. తొమ్మిదోది ఆగలేదు. కంప్యూటర్ లోపలి ఫ్యాన్ రొద పెరిగి పెరిగి, ఒక్కసారిగా అణిగిపోయింది. లైబ్రరీ పూర్తయిందని తెర మీద కనిపించింది.

"మనం చేసింది సగమే గదా," అన్నాడు అన్న మెల్లగా. "మిగతాది ఎవరు చేసిన్రు?"

"పంపకు అన్నా, దాంట్ల ఏమున్నదో తెల్వది," అన్నాను.

అన్న ఏమీ నొక్కకుండానే మౌస్ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తెర మీద పంపడం మొదలైంది.