కొవ్వొత్తి పెట్టే చోటు

"ఓ పెద్దాయనా! తాడు దాటగూడదు. బయటికి రా!"

కాపలాదారు కేక వేసేసరికే జకరయ్య దొర పడకగదిలో సగందూరం పోయాడు. కళ్ళు సరిగా ఆనవు, తాడెక్కడ కట్టారో ఆయనకేం తెలుసు? కూతురు ప్రసన్నకుమారి పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకొని వెనక్కి తీసుకొచ్చింది.

"మంచాలు చూడనీకి రాలేదప్పా మేము," అన్నాడు ముసలాయన. "మా నాయన సమాధి చూడనీకొచ్చినాం, నంద్యాల నుంచి. యాడుందో చెప్తే చాలు."

కాపలాదారు నోరు వెళ్ళబెట్టాడు. బెంగుళూరు నడిబొడ్డున ఒకప్పుడు తెల్లదొర సేద్యం చేయించిన తోట బంగళా అది. ఇప్పుడు మ్యూజియం. దొర చెంచాకొక అద్దాలపెట్టె, దొర బూట్లకొక అద్దాలపెట్టె, దొరసాని గొడుగు మీద ప్రత్యేకంగా ఒక దీపం. వాటిని చూడ్డానికి టికెట్టు. ఇంతవరకూ ఎవరూ వచ్చి సమాధి అడిగిన పాపాన పోలేదు.

ప్రసన్న తండ్రిని వరండాలో బల్లమీద కూర్చోబెట్టి, కాపలాదారును పక్కకు పిలిచింది.

"మా తాత దొరకు వంటమనిషి అన్నా. మా నాయన అవ్వ కడుపులో ఉన్నప్పుడే తాత దొర వెంట ఈడికొచ్చినాడు. చచ్చిపోయినాడు, ఈడనే పూడ్చినాం అని కబురు పంపినారంట. అంతే."

కాపలాదారుది కోలారు వైపు. తెలుగు బాగానే వచ్చు. "పనోళ్ళ సమాధులేం లేవక్కా. వెనకాల పనోళ్ళ ఇండ్లుండేవంట. అన్నీ కొట్టేసి కార్లు పెట్టేకి బండలు పరిచినారు. కింద ఎవరుండారో ఎవరికి తెలుసు?"

ప్రసన్న వరండాలో ఉన్న తండ్రి వైపు చూసింది. సమాధుల పండగ వస్తే నంద్యాలలో వాళ్ళ సంఘమంతా తమతమవాళ్ళ సమాధులకు సున్నం కొట్టి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించుకొని కూర్చుంటుంది. ఈయనొక్కడే పోయి శ్మశానం గోడమీద కొవ్వొత్తి నిలబెట్టి వస్తాడు. 'మీ నాయన గోడలో ఉండాడా జకరయ్యా?' అని నవ్వినవాళ్ళు కూడా ఉన్నారు. కాటికి కాళ్ళు చాపుకున్న మనిషిని, వాళ్ళ నాయన బండలకింద ఉన్నాడో లేడో అని చెప్పి రైలెక్కించడం ఎట్లా?

"ఒక్కటైతే ఉందక్కా," కాపలాదారు తల గోక్కున్నాడు. "వచ్చి చూడు."

బంగళా వెనక చెట్టు నీడలో, ఇనపచువ్వల మధ్య నున్నటి నల్లరాయి. చుట్టూ పూలకుండీలు. రాతి పైన చెవులు నిక్కించి కూర్చున్న రాతికుక్క. ప్రసన్న ఆళ్ళగడ్డ బళ్ళో పంతులమ్మ, కింద ఉన్న ఇంగ్లీషు గడగడా చదివేసింది. ఆ కుక్క ఎప్పుడు పుట్టిందీ, ఎప్పుడు పోయిందీ, దానికోసం దొరసాని ఎంత ఏడ్చిందీ, అన్నీ చెక్కించారు.

ఆమెకు ఎవరిని తిట్టాలో తెలియలేదు. తిట్టడానికి ఆ దొరా లేడు, దొరసానీ లేదు. కొంగుతో కళ్ళు తుడుచుకొని వరండాలోకి వచ్చింది.

"దొరికింది నాయనా. పా."

జకరయ్య లేవబోయి తూలాడు. "నిజంగా? రాయి పెట్టినారా?"

"పెట్టినారు. నల్లరాయి. నున్నగా ఉంది."

"పేరు రాసినారా?"

"రాసినారు. యెషయా, నంద్యాల అని."

"నంద్యాల అని గూడా రాసినారా!" ముసలాయన మొహం వెలిగిపోయింది. అది చూసి ప్రసన్న తల పక్కకు తిప్పుకుంది. ప్రభువా, ఈ ఒక్క అబద్ధం నా ఖాతాలో వేసుకో, అనుకుంది.

సమాధి దగ్గర ఆయన చెయ్యి పట్టుకొని కిందిరాతి మీద మాత్రమే పెట్టింది. ఆయన కండువాతో రాయంతా తుడిచాడు. సంచిలోంచి చామంతులు తీసి పరిచాడు. కొవ్వొత్తి తీసి అగ్గిపెట్టె కోసం తడుముకుంటుంటే కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అగ్గి వద్దు పెద్దాయనా. కెమెరాలుండాయి, నా ఉద్యోగం పోతుంది."

"ఒక్క నిమిషం అన్నా, నీకు పుణ్యముంటుంది," అని ప్రసన్న అతన్ని నాలుగడుగులు అవతలికి తీసుకుపోయి బతిమాలింది. అతను ససేమిరా అన్నాడు. వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. తండ్రి రెండు చేతులూ రాతి పైభాగాన ఉన్నాయి. వేళ్ళు ఆ నిక్కిన చెవులమీద, మూతిమీద, మెడకున్న పట్టామీద మెల్లగా కదులుతున్నాయి.

"నాయనా!"

ఆయన చేతులు దించి, వెలిగించని కొవ్వొత్తిని పూల పక్కన పడుకోబెట్టాడు. మోకాళ్ళమీద కూర్చొని తల వంచాడు. పెదవులు కదులుతున్నాయి. దేవదూత బొమ్మ అనుకొని ఉంటాడులే అని ప్రసన్న ఊపిరి పీల్చుకుంది. ఎన్నాళ్ళ ప్రార్థనో, చెయ్యనీ అనుకుంది. ఆయన చెంపలమీద నీళ్ళు కారిపోతున్నాయి.

చివర్లో తండ్రితోపాటు ఆమెన్ చెబుదామని తానూ పక్కన కూర్చొని, ఆయన నోటిదగ్గర చెవి పెట్టింది.

"మా నాయన వండింది దొరకు కాదు, నీకు. ఇంట్లో చెప్పుకోనీకి సిగ్గయి దొరకని చెప్పినాం. రోజూ నీకు మాంసం కూడు పెట్టినోడే గదా? ఆయన్ను యాడ పూడ్చినారో మనుషులెవురికీ తెల్సినట్టు లేదు. నువ్వన్నా వాసన పట్టి చెప్పు తల్లీ."