తెల్ల పెట్టె, ఎర్ర పెట్టె

"ఆ కిటికీ మూసెయ్, ఒర్సాత్. కింద పాషా దూత కూర్చున్నాడు," అన్నాడు లుక్ష.

"కూర్చోనీ బావా. ఉక్కగా ఉంది," అంటూ ఒర్సాత్ రెండో రెక్క కూడా తెరిచాడు.

"చేతులైనా కడుక్కుని రావాల్సింది."

"ఫిరంగి బళ్ళకు తారు పూయించి వస్తున్నాను. ఆ వాసన వాడి ముక్కుకూ తగలనీ."

సభ నవ్వింది. లుక్ష నవ్వలేదు. దుబ్రోవ్నిక్‌లో ఏలిక పదవి ఒక్క నెలే. ఆ నెలంతా భవనం గడప దాటకూడదు. ఈ నెల వంతు ఉప్పు వర్తకుడు లుక్షది. సరిగ్గా ఈ నెలలోనే బోస్నియా పాషా సైన్యంతో వచ్చి కొండ మీద దిగాడు. ఊరి ఉప్పంతా తనకే కావాలన్నాడు.

పొద్దుటి నుంచీ లుక్ష బేరం సరిచూసుకుంటూనే ఉన్నాడు. ఊరికి నీళ్ళు వచ్చే కాలువ పాషా గుడారాల పక్క నుంచే వస్తుంది. గోధుమలు పాషా సీమవి. ఊరి కుర్ర వర్తకులంతా సరుకుతో అదే సీమలో, సారాయెవోలో ఉన్నారు. వాళ్ళలో లుక్ష కొడుకు మారోయె ఒకడు. యుద్ధమంటే ముందు తెగేవి ఆ తలలే.

"సగం ఉప్పు ఇద్దాం," అన్నాడు లుక్ష. "ప్రాణాలూ వాకిళ్ళూ మనకు మిగులుతాయి."

ఒర్సాత్ లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. కోటగోడల బాధ్యత అతనిది. గొంతు కూడా గోడలకు తగ్గదే.

"సుల్తానుకు ఏటా కప్పం కడుతున్నాం. ఇప్పుడు పాషాకు కడదాం. రేపు పాషా వంటవాడు గరిటె ఊపుతూ వస్తాడు, వాడికీ కడదాం. మా అక్కను ఉప్పుగోనెకు కట్టబెట్టారని నేను అప్పుడే అన్నాను."

"గోడలు గట్టివే, బామ్మర్దీ. దాహమేస్తే గోడ తాగుతావా?"

"పాషా నెత్తురు తాగుతాను."

"సరే, ఫిరంగి మందు ఎంతుందో సభకు చెప్పు."

ఒర్సాత్ సభ వైపు తిరగలేదు. "వాళ్ళకు సరిపడా ఉంది," అన్నాడు కింది వాకిట్లోకి చూస్తూ.

"అడిగింది సభ."

"వాళ్ళకు సరిపడా ఉందన్నానుగా బావా."

ఇక ఓటుకు వెళ్ళారు. గుమాస్తా తలా ఒక గుడ్డ ఉండ ఇచ్చాడు. పడితే చప్పుడు కాకూడదనే గుడ్డతో చేసిన ఉండలవి. మూసిన పిడికిలి రెండు పెట్టెల్లోనూ పెట్టి తీయాలి. ఎక్కడ తెరుచుకుందో ఆ చేతికీ దేవుడికీ తెలియాలి. తెల్ల పెట్టె అయితే ఇవ్వడం, ఎర్ర పెట్టె అయితే యుద్ధం.

లుక్ష మనసులో తలలు లెక్కేసుకున్నాడు. ఎంత కూడినా ఒకటి తక్కువే వచ్చింది. కొడుకు ముఖం కళ్ళ ముందు మెదిలింది.

గుమాస్తా తెర వెనక్కి వెళ్ళి లెక్కపెట్టి వచ్చాడు. "తెల్లది గెలిచింది. ఒక్క ఉండ ఎక్కువ."

ఒర్సాత్ కుర్చీని తన్ని, కిటికీలోంచి వంగి అరిచాడు. "ఒక్క ఉండతో బతికిపోయారు. మీ పాషాకు చెప్పు, ఒక్కటే."

దూత మెమీ ఆగా పైకి వచ్చేసరికి లుక్ష అసలు బేరానికి సిద్ధపడి ఉన్నాడు. సగమంటే ముప్పావు అడుగుతాడు, ఆ మధ్యలో ఎక్కడో తెగుతుందని అతని అంచనా.

"సగం చాలు," అన్నాడు మెమీ ఆగా, నిలబడే. "మీ కుర్రాళ్ళు క్షేమంగా వస్తారు, పూచీ నాది. ముద్ర త్వరగా వేయించండి. ఆ కిటికీ పెద్దమనిషి మళ్ళీ ఓటు పెట్టించేలోగా నేను కొండెక్కాలి."

మొదటి మాటకే బేరం తెగడం లుక్ష తన జన్మలో చూడలేదు. కొండ మీద గుడారాలు ఒక్కొక్కటే ముడుచుకుంటుంటే కిటికీలోంచి చూశాడు. కింద వాకిట్లో కాలువ నీటి ధార ఇంకా పారుతూనే ఉంది. ఊరిని నిలబెట్టిన ఆ ఒక్క ఉండ ఎవరిది? తెలిసిన ముఖాలన్నీ తిప్పి తిప్పి చూసుకున్నా లెక్క తేలలేదు.

ఉండలు సంచిలోకి సర్దుతున్న గుమాస్తా దగ్గరికి వచ్చాడు. "అయ్యా, తెల్ల పెట్టెలోది ఇదొకటి మార్పించాలి. మాసిపోయింది."

లుక్ష దాన్ని అందుకుని వెలుగులోకి తిప్పాడు.

దాని నిండా తారు.