ఎవరి తువ్వాలు వాళ్ళదే

ఆదివారం బాపట్లలో కబడ్డీ ఫైనల్ అనగా, గురువారం పొద్దున్నే సాహితి తొడ మీద సెగగడ్డ నిమ్మకాయంత అయి కూర్చుంది.

జ్వరం కూడా తగలడంతో, అదే జట్టులో ఆడే హాసిని ఆమెను రేపల్లెలో రైలెక్కించి తెనాలి ఆసుపత్రికి తీసుకొచ్చింది.

ఎమర్జెన్సీ ముందు బెంచీ మీద ఇద్దరూ కూలబడ్డారు.

పక్కన ఓ నడివయసావిడ. ఆమె భుజానికి ఆనుకుని, మోచేతికి కట్టుతో ఒక అమ్మాయి నిద్రపోతోంది.

“ఏంటమ్మా, గడ్డా? ఇదే మొదటిసారా?” అడిగిందావిడ.

“మూడోసారి ఆంటీ,” హాసిని అందుకుంది. “మా కబడ్డీ టీములో ఇంకో ముగ్గురికీ వచ్చింది. అయినా సరే, ఆదివారం బాపట్లోళ్ళని మట్టి కరిపిస్తాం చూడండి!”

ఆవిడ నవ్వింది. “తువ్వాళ్ళు, మోకాలి క్యాపులు అందరూ కలిపి వాడతారా?”

“అవునండి.”

“మెడికల్ షాపులో బిళ్ళలు కొనుక్కుని, కాస్త తగ్గగానే మానేశారా?”

సాహితికి ఒళ్ళు మండింది. “మీరు డాక్టరా అండి?”

“కాదమ్మా.”

“మరి మీకెందుకండి?”

లోపల డాక్టరమ్మ కూడా అవే ప్రశ్నలు అడిగింది. నిజం చెబితే ఆడనివ్వరేమోనని సాహితి భయం.

“మొదటిసారేనండి. మందులేం వాడలేదండి.”

“కాదు డాక్టరుగారూ!” గుమ్మంలోంచి ఆవిడ గొంతు. “మూడోసారండి. టీములో ఇంకో ముగ్గురికి ఉంది. మా పిల్లకూ ఇలాగే దాచి దాచి ముదిరిందండి.”

సాహితి తల దించుకుంది. హాసిని గబగబా బిళ్ళల సంగతి కూడా చెప్పేసింది.

డాక్టరమ్మ ముఖం మారింది. “ఇది మామూలు బిళ్ళలకు లొంగని రకం కావచ్చు.”

గడ్డ కోసి చీము తీసింది. పరీక్షకు పంపింది. మందు మార్చింది.

“టీమంతా వచ్చి చూపించుకోండి. పుండ్లు మానేదాకా ఆట లేదు. ఎవరి తువ్వాలు వాళ్ళదే!”

ఆడకపోతే కప్పు బాపట్లకే. ఆవిణ్ణి తిట్టుకుంటూ, సాహితి రేపల్లె దాకా ఏడుస్తూనే ఉంది.

మర్నాడు పోటీల నిర్వాహకుల నుంచి ఫోన్ వచ్చింది. రేపల్లె పిల్లలు కోలుకునేదాకా ఫైనల్ వాయిదా!

పరీక్షలో డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. కొత్త మందుకు పుండు మానిపోయింది. మిగతా ముగ్గురూ కోలుకున్నారు. ఫైనల్ రోజు రేపల్లె నుంచి బస్సులో పాటలే పాటలు, ఈలలే ఈలలు.

బాపట్లలో దిగగానే సాహితి నిర్వాహకుణ్ణి పట్టుకుంది. “ఫైనల్ వాయిదా వేయించింది ఎవరు సార్? దణ్ణం పెట్టుకుంటాం.”

“బాపట్ల కోచ్‌గారమ్మా. ఆడకుండా వచ్చే కప్పు మా పిల్లలకొద్దని పట్టుబట్టారు.”

“ఎక్కడున్నారు సార్?”

అంతలో విజిల్ మోగనే మోగింది. హాసిని ఆమె చెయ్యి పట్టుకుని బరిలోకి లాగింది.

నిర్వాహకుడు వేలు చూపిన వైపు, ఎదుటి జట్టు అమ్మాయిలను ఒక్కొక్కరినే వీపు తట్టి బరిలోకి పంపుతూ, తెనాలి ఆసుపత్రిలో సాహితి కసిరిన ఆవిడ నవ్వుతోంది.