మూడు మెషీన్లు, ఒకే ముఖం

“మూడు మెషీన్ల మీద మూడు రకాలుగా ఉన్నాయి వదినా, నీ బటన్లు! ఒక కడుపున పుట్టినట్టే లేవు.”

మరిది కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు. బల్ల మీద మూడు కంప్యూటర్లు, మూడు వేర్వేరు ఆపరేటింగ్ సిస్టంలు. ప్రోగ్రాం ఒక్కసారి రాస్తే చాలు, మూడింటి మీదా విండోలు, బటన్లు, మెనూలు వాటంతటవే రావాలి. అందుకు కావాల్సిన రెడీమేడ్ కోడ్‌ను, అంటే లైబ్రరీని, తయారుచేయడమే ఆ రెండు గదుల ఆఫీసు పని. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే ఒక పెద్ద సంస్థ దాన్ని తీసుకోవడానికి ముందుకొచ్చింది. వదిన ఒకలా, మరిది మరొకలా చేసిన నమూనాలు రెండూ పొద్దున్నే పంపారు. వాళ్లకు ఏది నచ్చితే ఇక ఆఫీసుకు అదే దారి.

వదిన ఏ సిస్టం బటన్‌ను ఆ సిస్టంనే అడిగి తెచ్చుకునేది. దాంతో ఒకచోట అక్షరాలు ఇరుక్కుపోయేవి, మరోచోట ‘సరే’, ‘వద్దు’ కుడిఎడమలు తారుమారయ్యేవి. వాటిని సర్దేసరికి తలప్రాణం తోకకొచ్చేది. మరిదికి ఆ బెడదే లేదు. ప్రతి బటన్‌నూ తనే గీసుకున్నాడు. మూడు చోట్లా అచ్చుగుద్దినట్టు ఒకటే ముఖం.

“నువ్వు గీసింది బొమ్మ,” అంది వదిన. “అది బటనని సిస్టంకే తెలియదు.”

“దానికి తెలిస్తే ఎంత, తెలియకపోతే ఎంత? మనిషి కంటికి ఆనాలి. నీదంతా ఏ ఎండకా గొడుగు.”

“ఎండను బట్టే కదయ్యా గొడుగు!”

ఫోన్ మోగింది. ఆ సంస్థలో నమూనాలు పరీక్షించే ఆవిడ. మరిది స్పీకర్ నొక్కి హలో అన్నాడు.

“ముందు మీది తెరిచాను బాబూ. విండో పేరొక్కటే వచ్చింది. లోపల ఏమీ లేదు.”

“ఏ సిస్టం మీదండీ?”

“మూడింటి మీదా.”

మరిది చకచకా మూడింటిలోనూ తెరిచాడు. నిగనిగలాడుతూ అన్నీ ఉన్నాయి.

“మీ మెషీన్లు మొరాయిస్తున్నట్టున్నాయండీ. ఒకసారి ఆపి...”

“ఆపి కూడా చూశాను. రెండోది మాత్రం మూడు చోట్లా బాగుంది. దాంతో పనంతా పూర్తిచేసేశాను.”

వదిన తెల్లబోయింది. గబగబా వచ్చి మరిది కోడ్ మీదకు వంగింది. “ఇందులో తప్పేం లేదే!” అని గొణిగింది.

మరిది ధీమా చెక్కుచెదరలేదు. “మీ స్క్రీన్ ఫోటో ఒకటి పంపండి. దొంగెక్కడున్నాడో ఇట్టే పట్టేస్తాను.”

“దానికేం, పంపుతాను.”

ఫోటో వచ్చింది. చూస్తూనే మరిది బల్ల చరిచాడు.

“ఇవిగో! మీరు పంపిన ఫోటోలోనే ఉన్నాయి కదండీ! నడిమధ్యన, ఇంతేసి పచ్చ బటన్లు! చూడలేదా?”

అవతల ఆవిడ చిన్నగా నవ్వింది.

“సిస్టం చదివి వినిపిస్తేనే నాకు తెలుస్తుంది బాబూ, నాకు చూపు లేదు.”