రాసిన కాయితాలు

“అవ్వా, ఈ బుక్కుల రాసిన కాయితాలేవి?”

వెంకటి గొంతులో తేడాను సత్యవ్వ వెంటనే పట్టుకోలేదు. దసరా పూట, ఆఖరి వాయి గారెలు మూకుట్లో ఉన్నాయి.

“చింపిన కొడుకా. వాడకట్టోళ్లకు గారెల పొట్లాలు గట్టిన. తెల్లయి ఒక్కటి ముట్టలే, సూస్కో.”

ఆ చివరి మాట కొంచెం గొప్పగానే అంది. నోటుబుక్కులో వెనక సగం భద్రంగా ఉంది. ముందు సగం లేదు. సత్యవ్వకు చదువు రాదు. ఆమె లెక్కలో రాసిన కాగితం అన్నం తిన్న ఇస్తారి లాంటిది, దాని పని అయిపోయింది. కొడుకు మళ్లీ రాసుకోవడానికి తెల్లవి మిగిల్చింది.

వెంకటి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

“ఏం రాసినవురా అండ్ల?” ఏడాదిగా వాడు రాస్తుంటే ఆమె ఆ మాట అడగడం ఇదే మొదలు.

“కథ. సాంచెల మీద బట్ట నేసే పిలగాడు అడవిలకు పోయి అన్నలల్ల కలుస్తడు.” వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఒక్క కాయితం దొరికితే సాలు, నన్ను ఠాణాకు గుంజుకపోనీకి. ఎవలెవలికి ఇచ్చినవు?”

“రాజక్కకు, భూమవ్వకు, మూలమీది ఇంట్ల కిరాయికున్న సుమిత్రకు.”

“పోలీసు కనకయ్య ఇంటికా?”

“పోలీసాయనకు గాదురా, ఆ పిల్లకు. ఆయనకు లీవు దొరకలేదని తల్లిగారింటికి పోలే. పండుగ పూట ఒక్కతే కూసున్నదని ఇచ్చిన.”

గారెలు మాడిన వాసన వచ్చింది. సత్యవ్వ మూకుడు దించి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వీధిలోకి నడిచింది. పండుగకు సాంచెలు బందు పెట్టడంతో సిరిసిల్ల అంతా చెవులు మూసుకున్నట్టుంది. ఆమె అడుగుల చప్పుడు ఆమెకే వినబడుతోంది.

రాజక్క ఇంట్లో అందరూ గారెలు తింటున్నారు. కోడలు నూనె మరకల కాగితం పట్టుకుని పైకి చదువుతోంది.

“సత్యవ్వా, గీ కాయితంల ఉన్న అత్త అచ్చం మా అత్త లెక్కనే ఉన్నది.”

“సదువు సదువు,” అంది రాజక్క. “గారెలు తిన్నట్టే తిట్లు గూడ తింట.”

నవ్వులు ఆగకముందే సత్యవ్వ ఆ కాగితం లాక్కుని రైకలో దోపుకుంది.

భూమవ్వ తన పొట్లం కాగితాన్ని పొయ్యిలో వేసేసింది. ఆ మాట వినగానే సత్యవ్వకు ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణమే ముఖం చిన్నబోయింది. కొడుకు కష్టం కాలిపోయిందంటే తన కడుపు చల్లబడిందేమిటి?

మూలమీది ఇంటి ముందు కనకయ్య సైకిల్ ఉంది. తలుపు వేసి ఉంది. తట్టబోయిన చెయ్యి దానంతటదే దిగిపోయింది.

తిరిగి వస్తుంటే, పొద్దున కాగితాలు చింపినప్పటి చప్పుడు చెవిలో మోగింది. చెయ్యి అంత హుషారుగా ఎందుకు ఆడింది? ఏడాదిగా వాడు పని నుంచి రాగానే ఆ బుక్కు ముందు కూర్చుంటున్నాడు, తన వైపు వీపు పెట్టి. పెట్టిన బువ్వ చల్లారిపోయేది. చింపుతుంటే లోపల ఏదో హాయి అనిపించిన మాట నిజం. పాత పేపర్లు అటక మీద ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు పొద్దున కూడా తెలుసు.

ఇంటికి వచ్చి ఈ మాట చెప్పాలనుకుంది. నోరు వేరే మాట అంది.

“కోరుట్ల బస్సెక్కు కొడుకా. చిన్నమ్మ ఇంట్ల ఉండు నాల్గొద్దులు.”

“పండుగ నాడు పారిపోతె, నేనే రాసిన అని సాటింపు ఏసినట్టే అయితది. ఉంట తియ్యి.”

వెంకటి గారెల గిన్నె ముందుకు జరుపుకుని ఒకటి తుంచాడు. అది చాలాసేపు వాడి చేతిలోనే ఉంది.

పొద్దు వాలింది. చిన్నవాళ్లు పెద్దల చేతిలో బంగారమని జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కే వేళ. వాకిట్లో సైకిల్ స్టాండు వేసిన చప్పుడయింది. కనకయ్య లోపలికి వచ్చాడు. ఒక చేతిలో జమ్మి కొమ్మ. రెండో చేతిలో మడత పెట్టిన కాగితం.

“పొద్దున మా ఇంటికి గారెలు గీ కాయితంలనే అచ్చినయి.” మడత విప్పి, వేలు పెట్టి చదివాడు. “‘అడవిలో నుంచి వచ్చిన కొడుకుకు తల్లి గారె తుంచి నోట్లో పెట్టబోయింది. ఎవరో తలుపు కొట్టారు. ఆమె లేచింది.’ గిది ఎవలు రాసిండ్రు?”

వెంకటి లేవబోయాడు. సత్యవ్వ వాడి భుజం మీద చెయ్యి వేసి నొక్కింది.

“నేనే రాసిన.”

కనకయ్య ఆమె చేతులు చూశాడు. గోళ్ల సందుల్లో పిండి ఆరిపోయి ఉంది. రేషన్ షాపులో ఆమె వేలిముద్ర వేయడం అతను ఎన్నిసార్లు చూశాడో.

“నువ్వే రాసినవా?”

“నేనే. ఏం జేస్తవో నన్ను జెయ్యి. మా పోరనికి ఏం తెల్వది.”

కనకయ్య కాగితాన్ని మళ్లీ మడిచాడు. తర్వాత వంగి, జమ్మి ఆకు ఆమె అరచేతిలో పెట్టి, కాళ్లు మొక్కాడు. లేచి తలుపు దగ్గరగా వేశాడు.

“అయితే తలుపు కొట్టిందెవలో నువ్వే చెప్పాలె పెద్దవ్వా. అది తెలిసేదాక మా ఇంటామె నాకు పండుగ బువ్వ పెట్టదట, పోలీసోడే అయితె ఇంట్లకే రానియ్యదట.”