పన్నెండో మనిషి పాదాలు

"కోతలు ఇడిసిపెట్టి ఈడ ఏం జేస్తుండ్రయ్యా?" గుడి వాకిట్లోనే ఆగి అడిగాడు రామచంద్రయ్య.

ఇబ్రహీంపట్నం అంచున పెంకులు కప్పిన చిన్న గుడి అది. క్రైస్తవంలో కలిసిన అతని జీతగాళ్ళంతా పొద్దున్నే అక్కడ చేరారు. పొలంలో వరి పండి వాలిపోతోంది.

ఉపదేశి శివయ్య గబగబా ఎదురొచ్చాడు. ఫాదర్ లేని రోజుల్లో ప్రార్థన చెప్పించేది అతనే.

"జర ఓపిక పట్టు పటేలా. ఇయ్యాల పవిత్ర గురువారం. పూజ అయిపోయింది, ఒక్క పని మిగిలింది. అది కాంగనె అందరు పొలంల ఉంటరు."

"వారం దినాలల్ల లెవీ వడ్లకు సర్కారోళ్ళొస్తరు. మీ దేవుడిస్తడా వాళ్ళకు?"

శివయ్య పీట తెచ్చి వేశాడు. రామచంద్రయ్య కూర్చోలేదు. లోపల సాంబ్రాణి పొగ. ఎదురుగా సిలువకు బట్ట చుట్టి ఉంది.

"దేవునికి ముసుగేంది?"

"కండ్లకు ఉపాసం పటేలా. కనవడకుంటెనే విలువ తెలుస్తదని."

ఎవరో రెండు చెక్కలు టకటకా కొట్టారు.

"గంట లేదా?"

"ఉన్నది. ఇయి ప్రభువు చావు దినాలు. శనివారం దాకా గంట పలుకది."

రామచంద్రయ్య పక్కకు తిరిగి ఉమ్మాడు. చావు, ముసుగు, మూగ గంట. పొద్దున్నే ఇవేం శకునాలు.

లోపల బల్ల మీద వరుసగా పన్నెండు మంది మగవాళ్ళు కూర్చున్నారు. నెరిసిన గడ్డం ఫాదర్ నడుముకు తువ్వాలు చుట్టుకుని వాళ్ళ ముందు మోకరిల్లాడు. మొదటివాడు ఎల్లయ్య, రామచంద్రయ్య పొలంలో నాగలి పట్టేవాడు. ఫాదర్ అతని పగిలిన పాదం మీద నీళ్ళు పోసి, తుడిచి, వంగి ముద్దు పెట్టుకున్నాడు.

"ఛీ. వాని కాళ్ళకు నోరు తగిలిస్తడా? గిదేం ఆచారం?"

"చచ్చే ముందటి దినం ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగిండు. వాళ్ళు పన్నెండు మంది. దొర అయినోడు నౌకరు కాళ్ళు పట్టాలె అని దీని అర్థం."

"అయితే రేపు నన్ను గూడ పట్టుమంటవు."

శివయ్య పీటను ఇంకాస్త ముందుకు జరిపాడు.

పన్నెండోవాడు బల్ల చివర, మిగిలినవాళ్ళకు కాస్త ఎడంగా కూర్చున్నాడు. తల మీదుగా గొంగడి. ఫాదర్ అతని కాళ్ళకున్న పేలికలు విప్పాడు. వేళ్ళు లేవు. పుండ్ల నుంచి చీము కారుతోంది. ఈగలు లేచాయి. ఆ కంపు వాకిలి దాకా వచ్చింది. రామచంద్రయ్య కండువా ముక్కుకు అదుముకున్నాడు. ఫాదర్ తొందరపడలేదు. మెల్లగా కడిగి, తుడిచి, ఆ పుండు పక్కనే పెదవులు ఆనించాడు.



ఆ మనిషి తలెత్తాడు. కనుబొమలు రాలిపోయి ముఖం ఉబ్బిపోయి ఉంది. వాకిట్లో ఉన్న రామచంద్రయ్యను కాసేపు చూసి, గొంగడి ముందుకు లాక్కున్నాడు.

"వాన్ని ఏడికెల్లి తెచ్చిండ్రు?" రామచంద్రయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"యాచారం దిక్కు ఫాదర్ పెద్దరోగపోళ్ళకు గుడిసెలు ఏయించిండు గద, ఆడికెల్లి. ఇబ్రహీంపట్నం ఒక్కపారి చూస్తనని బతిలాడి బండెక్కిండు."

"పేరు?"

"చెప్పడు. నాకెవ్వరు లేరంటడు."

"పొద్దు గూకకముందే ఊరు దాటియ్యి. మళ్ళ ఈడ కనవడితె మీ గుడి మీద ఒక్క పెంకు మిగలది."

కోతల మాట ఎత్తకుండానే వెనుదిరిగాడు. దారిలో తంగేడు పొద పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు.

ఇల్లు చేరి, గడప తొక్కకుండా నీళ్ళడిగాడు. వదిన రాధమ్మ బిందె తెచ్చింది. అన్న కాశీలో పోయాడని కబురొచ్చిన ఎనిమిదేళ్ళ నుంచి ఆమె బొట్టూ గాజులూ లేకుండా, ఒంటిపూట తింటూ ఆ ఇంట్లోనే ఉంటోంది.

నాలుగు చెంబులు పోయించుకున్నా అతను చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"ఏమైందయ్యా? ఎన్నిసార్లు కడుగుతవు?"

చెప్పాడు. పేలికలు, చీము, ఈగలు, ముద్దు, అన్నీ చెప్పాడు. ఆ ముఖం సంగతి మాత్రం చెప్పలేదు. "ఛీ, మనుషులేనా వాళ్ళు. అటు దిక్కు పోకు వదినా. మనింట్ల ఎవ్వరు పోవద్దు."

రాధమ్మ ముక్కు మూసుకోలేదు. చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది.

"గంత రోగమున్నోనికి ఇంటోళ్ళు లేరా?"

"లేరు."

"పెండ్లాం?"

"లేదు. నీళ్ళు పొయ్యి."

"ఉంటె ఆమెనే కడుగుతుండె," అంటూ రాధమ్మ అతని చేతుల మీద నీళ్ళు పోసింది.

ఆ పన్నెండో మనిషి ఆమె భర్త.