సమ్మతి పత్రం

"ఈ వాక్యం కొట్టెయ్యి," అన్నారు క్రీస్తురాజు గారు, ఎర్రపెన్ను కాగితం మీద ఆనించి. "'మా నాన్న పసిపిల్లాడైపోయినాడు' అంటే జాలి అడుక్కున్నట్టుంది. ఏం చేసినాడో రాయి, చాలు. చదివేవాళ్ళకు అర్థమవుతుంది."

లిల్లీ కొట్టేసింది. పొద్దున పది కాకముందే ఇది నాలుగో పేజీ. మైపాడు వైపు రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు కిటికీలోంచి ఆగకుండా వస్తోంది. ఆ చప్పుడుకే ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి.

క్రీస్తురాజు గారు సమాజశాస్త్రం ప్రొఫెసరుగా ముప్పయ్యేళ్ళు చేసి రిటైరయ్యారు. ఎంతోమంది చేత పీహెచ్‌డీలు చేయించారు. లిల్లీ నెల్లూరులో డిగ్రీ కాలేజీ లెక్చరరు. మతిమరుపు జబ్బుతో ఉన్న తండ్రిని మూడేళ్ళుగా ఒక్కతే చూసుకుంటోంది. ఆ అనుభవాన్నే పరిశోధనా పత్రంగా రాయాలని సెలవు పెట్టింది.

"తిన్నాక మళ్ళీ అన్నం అడుగుతాడని రాసినావు. రోజుకు ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు సార్."

"పెట్టాల. సొంత అనుభవం కదా, ఏదైనా రాయొచ్చనుకోబాకు. తెల్లారి లేస్తూనే ఏం చేస్తాడు?"

"పనికి టైమైందని చొక్కా తొడుక్కుంటాడు. గేటుకు తాళం చూసి ఏడుస్తాడు."

"నువ్వేమంటావు?"

"రిటైరైపోయినావని మొదట్లో చెప్పేదాన్ని. ఇప్పుడు ఈరోజు ఆదివారం అంటాను. మా ఇంట్లో వారానికి ఏడు ఆదివారాలు సార్."

ఆయన నవ్వలేదు. "ఇది రాయి. నీ పత్రం ఇక్కడ మొదలవుతుంది," అన్నారు. పెన్నుకు మూత పెట్టి, "నిన్ను గుర్తుపడతాడా?" అని అడిగారు.

లిల్లీ కాగితాల అంచులు సర్దింది. "మర్యాదగా మాట్లాడతాడు సార్. ఎవరో పరాయి పిల్ల అనుకుంటాడు."

క్రీస్తురాజు గారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. "బాగా చిక్కిపోయినావమ్మా. ఒక్కరోజన్నా కంటినిండా నిద్రపో. ఆయన ఎప్పుడూ అట్లాగే ఉంటాడా?"

"లేదు సార్. పొద్దుటిపూట తేటగా ఉంటాడు. అన్నీ తెలిసినట్టే మాట్లాడతాడు. మధ్యాహ్నం దాటితే మాత్రం ఏదీ నిలవదు."

ఆయన తలాడించి చివరి పేజీ తిప్పారు. వెనక్కి మొదటి పేజీకి వెళ్ళి మళ్ళీ చూశారు. "ఆయన సంతకం చేసిన సమ్మతి పత్రం ఏదీ?"

"తీసుకోలేదు సార్."

"ఎందుకని?"

"అడగాలంటే ఆయనకు జబ్బుందని ఆయనకే చెప్పాల. ఇంతవరకూ నా నోటితో చెప్పలేదు. చెప్పినా సాయంత్రానికి మర్చిపోతాడు. రేపు మళ్ళీ చెప్పాల. రోజూ కొత్తగా బాధపడతాడు."

"అందుకని చెప్పకుండా ఆయన బతుకును పదిమంది ముందు పెడతావా? నా స్టూడెంటు ఎవరైనా ఆ పని చేస్తే పేపరు చించి చేతిలో పెట్టేవాణ్ణి."

వాదించే ఓపిక లిల్లీకి లేదు.

"ఆయన స్థానంలో మీరుంటే ఏం చేస్తారు సార్?"

క్రీస్తురాజు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించారు. "భయపడతాను. కోప్పడతాను కూడా. కానీ నా తల పనిచేసే పూట నన్నే సూటిగా అడిగితే సంతకం పెడతాను. నా చాటున రాస్తే మాత్రం ఓర్చుకోలేను."

లిల్లీ ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. రెండు నెలలుగా అందులోనే ఉంది అది. కుర్చీ వెనక్కి జరిపి, బల్ల చుట్టూ తిరిగి ఆయన పక్కకొచ్చి నిలబడింది. కాగితం ఆయన ముందు పెట్టింది.

ఆయన పైనుంచి కిందిదాకా చదివారు. "నాకెందుకమ్మా ఇది? మీ నాన్నకు గదా ఇవ్వాల్సింది?"

లిల్లీ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"నీకే నాన్నా."